వాళ్లకు ఇరవై ఏళ్లున్నప్పటి పాట

హైదరాబాదు నాచారంలో ఒక ఓల్డేజ్ హోమ్‌లో మొదటిసారి పాడినప్పుడు మేం చేసిన పొరపాటు తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పెద్దవాళ్లు కదా, నాలుగు మంచి మాటలతో మొదలుపెడదామని ఘంటసాల గారి బాణీలో భగవద్గీత శ్లోకాలు ఎత్తుకున్నాం. రెండో శ్లోకం పూర్తి కాకముందే ముందు వరసలో కూచున్న ఒకావిడ పక్కావిడ చెయ్యి పట్టుకుని, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన పాడిన గీత ఆ కాలంలోనే రికార్డుగా ఇంటింటికీ చేరింది. తర్వాత్తర్వాత మన ఊళ్లలో ఆ గొంతు చావింటి ముందు, అంతిమయాత్ర బండి మీద మోగడం ఆనవాయితీ అయింది. అంత గొప్ప గానం వినగానే మనవాళ్ల చెవులు ముందుగా ఏ ఇంట్లో దీపం పెట్టారో వెతుక్కుంటాయి. గీత చెప్పేది ఏమిటన్నది వేరే సంగతి. ఆ స్వరానికి మన వీధుల్లో అంటుకున్న జ్ఞాపకం అది. వృద్ధాశ్రమంలో పాడేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది దాని గురించే. పాట ఎంత మంచిదన్నది తర్వాత చూసుకోవచ్చు, వినేవాళ్ల జీవితంలో అది ఎక్కడ వినపడిందో ముందు తెలుసుకోవాలి.

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్ వైపు కాలనీల్లో నేను చూసిన హోమ్‌లు చాలావరకు మామూలు ఇళ్లే. కింద హాల్లో టీవీ, ప్లాస్టిక్ కుర్చీలు, పైన గదికి ఇద్దరు ముగ్గురు. ఆ హాల్లో కూచునే పదిహేను ఇరవై మందీ ఒక్క తీరు మనుషులు కారు. ఈ ప్రాంతమే అలా పెరిగింది. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసి, ఈఎస్ఐ ఆసుపత్రి నీడన పిల్లల్ని పెంచుకున్న కార్మికులున్నారు. 1961లో ఎన్‌జీఆర్‌ఐ, ఆ తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలు వచ్చాక దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఉద్యోగులున్నారు. వరంగల్, యాదగిరిగుట్ట బస్సులు ఉప్పల్ మీదుగానే కదా పోయేది. ఆ దారిలోని భువనగిరి, ఆలేరు, జనగామ పల్లెల నుంచి కొడుకుల వెంట వచ్చిన అవ్వలున్నారు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇల్లు అమ్మేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ కలిపి ఒకే మాట వాడేస్తాం, "పాత పాటలు" అని. ఎవరికి పాత?

ఇక్కడ కొంచెం లెక్క వెయ్యాలి. పెద్ద వయసువాళ్లను గతం గురించి అడిగితే ఎక్కువగా గుర్తొచ్చేవి పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగిన సంగతులేనని మనస్తత్వ పరిశోధకులు ఎప్పుడో గమనించారు. పాటల విషయంలో ఇది మరీ నిజం. మీసాలు వచ్చే వయసులో, ఓణీ వేసుకున్న వయసులో విన్న పాట ఒంట్లో ఇంకిపోతుంది. అంటే ఇప్పుడు తొంభైకి దగ్గరగా ఉన్నవాళ్లకు మల్లీశ్వరి, పాతాళభైరవి (1951), దేవదాసు (1953), మిస్సమ్మ (1955) వయసులో ఉండగా వచ్చిన సినిమాలు. ఎనభై ఏళ్లవాళ్లు మాయాబజార్ (1957) నాటికి చిన్నపిల్లలు. లవకుశ (1963), మూగమనసులు (1964) మాత్రం వాళ్ల సొంతం. అరవై ఐదేళ్ల మనిషికి ఇవన్నీ అమ్మానాన్నల పాటలు. ఆయన కాలేజీ రోజుల్లో మోగింది మరోచరిత్ర (1978), శంకరాభరణం (1980). ఆయన ముందు కూచుని 1951 నాటి పాట పాడి "మీ కాలం పాట" అంటే నొచ్చుకుంటాడు.

అయినా నొచ్చుకుంటూనే కలిసి పాడతాడు. ఎందుకో అమెరికాలో కెరొల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో చేసిన అధ్యయనం చెబుతుంది. ఇరవై ఏళ్ల విద్యార్థులకు రకరకాల దశాబ్దాల పాటలు వినిపిస్తే, వాళ్లు తమ కాలపు పాటలతోపాటు తల్లిదండ్రులు యవ్వనంలో విన్న పాటలతోనూ గట్టిగా ముడిపడి ఉన్నారని తేలింది. మన ఇళ్లలో దీనికి వేరే రుజువు అక్కర్లేదు. వంటింట్లో అమ్మ ఉండేది, ముందు గదిలో రేడియో ఉండేది. వివిధ భారతి 1957లో మొదలైంది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు. పిల్లలు హోంవర్కు చేసుకుంటూనే ఘంటసాల, లీల, జిక్కి గొంతులు పుక్కిట పట్టేశారు. కాబట్టి హాల్లో వయసులు కలగలిసి ఉంటే అందరికంటే పెద్దవాళ్ల కాలానికి పాడటం మేలు. తొంభై ఏళ్లావిడకు ఇళయరాజా అందకపోవచ్చు, అరవై ఐదేళ్లాయనకు మాత్రం మిస్సమ్మ వెన్నెల పాటలు నోటికి వస్తాయి.

ఇదే లెక్క భక్తి పాటలకూ వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అన్నమయ్య పదిహేనో శతాబ్దపువాడు, అంతకంటే పాత పాట ఏముంటుందని అనుకుంటాం. కానీ ఆయన రాగిరేకులు తిరుమల ఆలయంలో బయటపడింది 1922లో. తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది 1978లో. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి, బాలకృష్ణప్రసాద్ గొంతుల్లో ఇంటింటా వినపడింది ఆ తర్వాతే. అంటే ఇవాళ ఎనభై దాటినవాళ్లలో చాలామందికి అన్నమయ్య నడివయసులో పరిచయమైన కొత్త పాట. వాళ్లు చిన్నప్పుడు విన్నవి రామదాసు కీర్తనలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, బ్రహ్మంగారి తత్వాలు, అమ్మమ్మలు పాడిన మంగళహారతులు. రేడియో ఉన్న ఇళ్లలో ఆకాశవాణి భక్తిరంజని, బాలమురళీకృష్ణ, వోలేటి. పాట ఎప్పుడు పుట్టిందన్నది కాక, ఆ మనిషి దాన్ని ఎప్పుడు విన్నాడన్నది లెక్క.

అసలు వృద్ధాశ్రమం అనగానే భజనకు దిగిపోతాం. దీన్ని నేను గట్టిగా కాదంటాను. భక్తి వద్దని కాదు, రెండు మూడు తప్పకుండా ఉండాలి. మొత్తం కార్యక్రమమే భజన అయితే మాత్రం, "మీకిక మిగిలింది రామనామమే" అని చెప్పకుండానే చెప్పినట్టు అవుతుంది. వాళ్లూ ప్రేమించారు, పేచీ పెట్టుకున్నారు, ఫ్యాక్టరీ గేటు ముందు సమ్మె చేశారు, నేల టిక్కెట్టు కొని ఒకే సినిమా పదిసార్లు చూశారు. మాయాబజార్ పడవ పాట అందుకున్నప్పుడు ఎనభై ఏళ్ల మామ్మగారి ముఖంలో వచ్చే సిగ్గు ఏ భజనలోనూ రాదు. యుగళగీతాలు పాడటానికి మొహమాటపడకండి. భర్త పోయిన మనిషికి బాధ కలుగుతుందేమోనని జంకుతాం గానీ, ఆ మనిషిని గుర్తుచేసేవాళ్లు లేకపోవడమే చాలామందికి బాధ.

సినిమా చూడని వాళ్లున్నారు. ఆలేరు దగ్గరి పల్లెలో నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ పెరిగిన అవ్వకు సుశీల గారి పేరు తెలియకపోవచ్చు. "బతుకమ్మ పాట ఏదైనా చెప్పవ్వా" అని అడగండి. ఒకరు చెబితే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకునే ఆ పద్ధతిని మించింది ఇలాంటి హాలుకు దొరకదు. పల్లవి కోసం పుస్తకం అక్కర్లేదు, తెలియని మనిషికి కూడా రెండో చరణానికల్లా చోటు దొరుకుతుంది. అక్కడ పాడాల్సింది అవ్వ, మనం వంత.

మగవాళ్లకు పద్యం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగవిజయాలు, బలిజేపల్లి హరిశ్చంద్ర నాటకం రాత్రంతా చూసి వన్స్‌మోర్ కొట్టిన తరం ఇంకా మన మధ్య ఉంది. రాయబారం పద్యం రాగం తీసి చదవండి, మూల కుర్చీలో కళ్లు మూసుకున్న మాస్టారు చెయ్యెత్తి తర్వాతి పాదం అందిస్తారు. చర్చికి వెళ్లేవాళ్లుంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒకటి. అందులో పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి రాసినవి మన రాగాల్లోనే సాగుతాయి కనుక అందరూ ఇష్టంగా వింటారు. ఇక హైదరాబాదులో పుట్టినవాళ్లకు రఫీ, ముఖేష్, లత లేకుండా సాయంత్రం నిండదు. తెలుగువాళ్లూ హిందీవాళ్లూ కలిసి కూచున్న చోట నేను రఫీ తెలుగు పాటలు వెతుక్కుంటాను. ఎన్టీ రామారావు కోసం భలే తమ్ముడు (1969), ఆరాధన (1976) సినిమాల్లో ఆయన పాడారు. అదే రామారావు గారి రామకృష్ణా స్టూడియో ఈ నాచారంలోనే ఉండేదని ఒక మాట అంటే చాలు, అక్కడ షూటింగ్ చూసిన కథలు మొదలవుతాయి. పాట ఆగిపోతే ఆగిపోనివ్వండి, కథ విందాం.

పాట కుదిరినా పాడే తీరు కుదరకపోతే వృథా. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా సన్నని, ఎత్తు శబ్దాల దగ్గర మొదలవుతుంది. స, శ, ఫ లాంటి హల్లులు జారిపోతాయి. మాట వినపడుతుంది గానీ ఏ మాటో తెలియదు. అప్పుడు మైకు సౌండు పెంచితే చెవులు గింగురుమంటాయి తప్ప మాట స్పష్టం కాదు. వాయిద్యాల హోరు తగ్గించి, వాళ్లకు ఎదురుగా, పెదవులు కనపడేలా నిలబడి, మాట విరిచి పాడాలి. రికార్డింగ్ ట్రాక్ పెట్టుకుని పాడటం ఇక్కడ నాకు నచ్చదు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. హార్మోనియం, డోలక్ ఉంటే చాలు, ఒకావిడ చరణం గుర్తుచేసుకునేదాకా ఆగి ఉంటాయి.

శ్రుతి సంగతి చాలామంది మర్చిపోతారు. సుశీల, జానకి పాడిన ఎత్తులో మనం పాడితే వాళ్లు వింటారు, కలవలేరు. వయసు మీరాక ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది, ఊపిరి కురచ అవుతుంది. అసలు పాటకంటే రెండు మూడు మెట్లు దించి, నడక కాస్త నెమ్మది చేస్తే హాలంతా గొంతు కలుపుతుంది. చరణాలు మూడుంటే రెండు చాలు, పల్లవి మాత్రం నాలుగుసార్లు. టీ తాగాక, రాత్రి భోజనానికి ముందు ముప్పావుగంట పాడితే సరిపోతుంది, అంతకు మించితే నడుములు నొప్పెడతాయి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొడుకు పేరు మర్చిపోయిన మనిషి పాట మొత్తం తప్పులేకుండా పాడటం చూసి ఆయాలు కూడా విస్తుపోతారు. బాగా తెలిసిన పాటలను దాచుకునే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతా భాగాలంత త్వరగా క్షీణించవని జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. ఆలివర్ సాక్స్ అనే నరాల వైద్యుడు 2007లో రాసిన మ్యూజికోఫిలియా పుస్తకంలో ఇలాంటి రోగుల కథలు బోలెడున్నాయి. పాట జబ్బును నయం చేయదు. కానీ పాడుతున్నంతసేపూ ఆ మనిషి ఆ మనిషిగా ఉంటుంది. అలాంటివాళ్ల దగ్గర "నేనెవర్నో గుర్తున్నానా?" అని పరీక్ష పెట్టకండి. పక్కన కూచుని, మైకు లేకుండా, వాళ్ల చిన్నప్పటి పాట ఒక్కటి మెల్లగా అందుకోండి. మంచం దిగలేనివాళ్ల గదులకూ అలాగే వెళ్లాలి. హాల్లో పది పాటలు పాడి వాళ్లను వదిలేసి వచ్చెయ్యడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక ఏడిపించే పాటలు. కన్నతల్లిని వదిలేసిన కొడుకుల మీద, కూలిపోయే కాయం మీద పాటలు మనకు తక్కువేం కాదు. అవి ఎంచుకుని వెళ్లి పాడి, వాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటే మన గానం గొప్పదనుకోవడం క్రూరత్వం. అక్కడున్నవాళ్లందరినీ పిల్లలు వదిలేశారనుకోవడం కూడా తప్పే. ఒంటరిగా ఉండలేక తమంతట తాము వచ్చి చేరినవాళ్లు, పిల్లలు రోజూ ఫోన్ చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే ఒక పెద్దాయన తనే అడిగి బ్రహ్మంగారి తత్వం పాడమంటే తప్పకుండా పాడాలి. చావు గురించి మాట్లాడే హక్కు ఆయనది, ఆ మాట ఎత్తుకుని వెళ్లే హక్కు మనది కాదు. పాట వింటూ ఎవరైనా ఏడిస్తే కంగారుపడి పాట ఆపొద్దు, చేతిలో చెయ్యి వేసి పాడుతూనే ఉండండి.

పేరు పెట్టి పిలిచే తీరు కూడా పాటలో భాగమే. అందర్నీ "తాతా, అవ్వా" అనెయ్యకండి. ముప్పై ఏళ్లు బడిలో చెప్పినాయన్ని మాస్టారూ అనండి, ఆఫీసరుగా చేసినావిణ్ణి మేడమ్ అనండి. పల్లె నుంచి వచ్చినావిడ తనే "పెద్దమ్మా అను బిడ్డా" అంటే అలాగే అనండి. చివర్లో మంగళహారతి వాళ్లచేతే పాడించండి. ప్రతి హోమ్‌లోనూ హారతి పాట వచ్చినావిడ ఒకరు తప్పకుండా ఉంటారు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే.

ఉప్పల్, నాచారం వైపు ఉంటూ నాలుగు పాటలు వచ్చినవాళ్లకు నా విన్నపం ఒకటే. వచ్చే ఆదివారం పాడటానికి వెళ్లదలుచుకుంటే ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం మాత్రం పట్టుకుని వెళ్లండి. హోమ్ నడిపేవాళ్ల అనుమతి తీసుకుని, ఒక్కొక్కరి పక్కన కూచుని ఏ ఊరు, ఏ ఏడు పుట్టారు, పెళ్లినాటికి ఏ పాట మోగేది అని అడిగి రాసుకుని రండి.