గేరు పక్కన గుండ్రటి మీట

"మేడమ్, ఆ గుండ్రటిది ఏసీ కోసమా?"

పోయిన నెల వార్షికోత్సవం సామాన్లు నా పికప్ బండిలోకి ఎక్కించాక ముందు సీట్లో కూర్చున్న ఏడో తరగతి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. గేరు కర్ర పక్కన ఒక గుండ్రటి మీట ఉంటుంది. దాని మీద టూహెచ్, ఫోర్‌హెచ్, ఫోర్‌ఎల్ అని మూడు గుర్తులు. ఏసీ కాదు నాన్నా అన్నాను. మరేమిటో చెప్పేలోగా స్టేజీ దగ్గరికి వచ్చేశాం, మైకు పెట్టెలు దించే హడావిడిలో జవాబు బాకీ పడిపోయింది. అది ఇక్కడ తీర్చుకుంటాను.

మీకు ఇలాంటి బండ్లు కొత్త కాదు. కంటోన్మెంట్‌లో పెరిగినవాళ్లు జిప్సీలు చూసే ఉంటారు. నేను మాత్రం కర్నూలు వైపు పల్లెలో ఎద్దుల బండ్లు చూస్తూ పెరిగినదాన్ని. ఉద్యోగంలో చేరాక బదిలీ మీద బదిలీ. ప్రతిసారీ సామాన్ల లారీ కోసం వెతుక్కోలేక, రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో ఉన్నప్పుడు మావారూ నేనూ కలిసి ఒక పాత పికప్ కొన్నాం. కాగితాలు చూస్తే అది మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారైన బండి! ఎడారిలో మన వైపు మనిషి ఎదురైనంత సంబరపడ్డాను. కానీ ఏడాదిపాటు ఆ మీట జోలికి పోలేదు. తిప్పితే ఏదో విరుగుతుందని భయం.

ఆ భయం ఖరీదెంతో ఒక ఆదివారం తెలిసింది. జైసల్మేర్ నుంచి ఖూరీ ఊరి వైపు వెళ్తూ, ఇసుక తిన్నెలు దగ్గరగా చూపిద్దామని నా పిల్లలిద్దరినీ తీసుకుని తారు రోడ్డు దిగాను. మావారు జ్వరంతో ఇంట్లో ఉన్నారు. రెండు వందల గజాలు పోయామో లేదో బండి నెమ్మదించింది. నేను యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసుక చిమ్మాయి తప్ప బండి కదల్లేదు. ఇంకా తొక్కాను. అరనిమిషంలో వెనక ఇరుసు ఇసుకలో కూర్చుంది. అప్పుడు కంగారుగా మీట ఫోర్‌హెచ్‌కి తిప్పాను. ముందు చక్రాలు కూడా గుంటలు తవ్వుకున్నాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పదకొండు గంటల ఎండ. సీసాలో నీళ్లు సగమే ఉన్నాయి. చిన్నది "అమ్మా, మనం ఇక్కడే ఉండిపోతామా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అసలు జరిగిందేమిటో చెబుతాను. టూహెచ్‌లో ఇంజిన్ బలం వెనక రెండు చక్రాలకే అందుతుంది. ఖాళీ పికప్‌కి వెనక బరువు ఉండదు. ఇంజినూ మనుషులూ అంతా ముందే. బరువు లేని చక్రం నేలని గట్టిగా పట్టుకోలేదు. కాబట్టి సరుకు లేని పికప్ మామూలు కారు కన్నా ముందే జారుతుంది. చూడటానికి అంత గంభీరంగా ఉంటుంది కదా, నమ్మబుద్ధి కాదు!

రెండో కారణం డిఫరెన్షియల్. స్పోర్ట్స్ డే మార్చ్‌పాస్ట్‌లో మలుపు తిరిగేటప్పుడు లోపలి వరసలో ఉన్నవాళ్లు దాదాపు ఉన్నచోటనే అడుగులేస్తారు, బయటి చివరివాళ్లు అంగలు వెయ్యాలి. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాలదీ అదే పరిస్థితి. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెంటినీ ఒకే వేగానికి కట్టేస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. అందుకని ఇరుసు మధ్యలో పళ్ల చక్రాల పెట్టె ఒకటి పెట్టారు. అది రెండు చక్రాలనూ వేరు వేరు వేగాలతో తిరగనిస్తుంది. మామూలు రోడ్డు మీద ఇది వరం. ఇసుకలో, బురదలో మాత్రం ఇదే శాపం. ఎందుకో ఎద్దుల బండి చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. కాడికి రెండు వైపులా రెండు ఎద్దులు. ఒకటి లాగడం మానేస్తే రెండోది ఎంత బలమైనదైనా కాడి పక్కకి తిరిగిపోతుందే తప్ప బండి ముందుకు సాగదు. డిఫరెన్షియల్ కూడా అంతే. పట్టు దొరకని చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటుందో, పట్టు ఉన్న చక్రానికీ అంతే బలం అందుతుంది. ఒకటి ఖాళీగా గిర్రున తిరుగుతుంటే రెండోది కదలకుండా నిలబడి చూస్తుంటుంది.

ఫోర్‌హెచ్ అంటే ముందు ఇరుసుకి కూడా బలం పంపడం. ఇసుక మొదలవకముందే తిప్పి ఉంటే ఆ రోజు బహుశా దాటేసేవాళ్లం. గుంట తవ్వుకున్నాక తిప్పితే ఏం లాభం, బండి పొట్ట ఇసుక మీద ఆని ఉంటే!

మమ్మల్ని బయటపడేసింది మేకలు కాసుకునే ఒక తాత. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కర్రతో కొట్టి, హిందీలో ఒకటే మాట అన్నాడు: "గాలి తియ్యి." నాకు అర్థం కాలేదు. ఆయన దూరంగా నిలబడ్డ ఒంటె పాదం చూపించాడు. వెడల్పుగా, మెత్తగా ఉంటుంది, ఇసుకలో దిగదు. గట్టిగా గాలి నింపిన టైరు మేక గిట్ట లాంటిదన్నమాట. గాలి తగ్గితే టైరు నేల మీద పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. మామూలుగా మా టైర్లలో ముప్పై చిల్లర ఉండే గాలిని పద్దెనిమిది దాకా వదలవచ్చని తర్వాత నేర్చుకున్నాను. ఆ రోజు కొలిచే మీటర్ కూడా లేదు, టైరు కాస్త బొద్దుగా కనిపించేదాకా పుల్లతో నొక్కి వదిలాం. చక్రాల వెనక ఇసుక చేతులతో తోడి, కాళ్ల దగ్గరి మ్యాట్లు పరిచి, మేము వచ్చిన జాడలోనే వెనక్కి నడిపాను. ఫోర్‌ఎల్‌లో, యాక్సిలరేటర్ మీద కాలు దాదాపు ఆనించకుండా. బండి ఒంటెలా ఒళ్లు విరుచుకుని లేచింది.

ఫోర్‌ఎల్ సంగతి కొంచెం ఆగి చూడాలి. గేర్ల సైకిలుందా మీ దగ్గర? మిట్ట ఎక్కేటప్పుడు చిన్న గేరు వేస్తే కాళ్లు ఎక్కువసార్లు తొక్కుతాయి, సైకిలు మెల్లగా పోతుంది, కానీ ఎక్కేస్తుంది. ఫోర్‌ఎల్ అదే. ఇంజిన్ అంతే తిరిగినా చక్రాలు సుమారు రెండున్నర రెట్లు నెమ్మదిగా, అంతే రెట్ల బలంతో తిరుగుతాయి. టూహెచ్ నుంచి ఫోర్‌హెచ్‌కి మా బండి నడుస్తుండగానే మార్చుకోవచ్చు. ఫోర్‌ఎల్‌కి మాత్రం పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి తిప్పాలి. లైటు కొద్దిసేపు మిణుకుమని నిలబడేదాకా ఓపిక పట్టాలి. నేను ఓపిక లేక రెండుసార్లు గరగర చప్పుడు విన్నాను.

ఆ తర్వాత మావారి ఆఫీసులో ఒక డ్రైవరు అన్న మూడు ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి నేర్పాడు. ఆయన పద్ధతి నాకు నచ్చింది. మొదటి రోజు అసలు కష్టమైన చోటికే పోలేదు. చదునైన మట్టి మైదానంలో మీట తిప్పు, పది గజాలు పో, ఆగు, వెనక్కి తిప్పు. ఇరవైసార్లు. గుణింతం దిద్దించినట్టు. రెండో ఆదివారం కావాలనే తారు రోడ్డు పక్క ఖాళీ స్థలంలో, ఫోర్‌హెచ్‌లో, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడపమన్నాడు. బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుపోయి కుదుపులిచ్చింది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం పోవాలి. మా బండిలో ఫోర్‌హెచ్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. బురదలో, ఇసుకలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారడానికి వీల్లేదు, ఆ ఒత్తిడంతా లోపలి గేర్ల మీద పడుతుంది. "ఈ కుదుపు గుర్తుపెట్టుకోండి మేడమ్, ఇది బండి ఏడుపు" అన్నాడు. పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కనిది ఆ ఒక్క కుదుపుతో ఎక్కింది.

డ్యాష్‌బోర్డు మీది బొత్తాల గురించి త్వరగా చెప్పేస్తాను. ట్రాక్షన్ కంట్రోల్ ఖాళీగా తిరుగుతున్న చక్రాన్ని కనిపెట్టి దానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. లాగని ఎద్దుకి అదిలింపు అనుకోండి. అప్పుడు రెండో చక్రానికీ బలం అందుతుంది. బురదలో, రాళ్లలో మంచిదే కానీ లోతైన ఇసుకలో ఇది ఇంజిన్ బలాన్ని కూడా తగ్గించి బండిని నిలబెట్టేస్తుంది, అక్కడ ఆపుకోవాలి. డిఫరెన్షియల్ లాక్ మా బండిలో లేదు, టయోటా హైలక్స్ లాంటి వాటిలో ఉంటుంది. అది రెండు చక్రాలనూ ఒకటిగా కట్టేస్తుంది. నేరుగా, మెల్లగా పోయేటప్పుడే వాడాలి. దాంతో మలుపు తిరగబోతే బండి మాట వినదు.

ఇసుక అయ్యాక నా బదిలీ అరుణాచల్‌కి. దిరాంగ్ వైపు, సేలా కనుమకి కింద. ఇసుకలో నేర్చిన ధైర్యం అక్కడ పనికిరాదని మొదటి వానకే తెలిసింది. ఇసుకలో ఆగితే ఇరుక్కుంటాం, అంతే. అక్కడ జారితే పక్కన లోయ. ఎక్కడం కన్నా దిగడం కష్టం. దిగేటప్పుడు ఫోర్‌ఎల్‌లో మొదటి గేరు వేసి బ్రేకు మీద కాలు తీస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. హిల్ డిసెంట్ అనే బొత్తాం నొక్కితే బండే ఏ చక్రానికి ఎంత బ్రేకు కావాలో చూసుకుంటూ దిగుతుంది. అప్పుడు కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. మొదటిసారి విని నేను భయపడి బ్రేకు తొక్కేశాను. అది బండి పని చేసుకుంటున్న చప్పుడేనని నమ్మడానికి నాలుగైదు దిగుళ్లు పట్టింది.

అక్కడే ఒకసారి పన్నెండో తరగతి ప్రాక్టికల్స్ రోజు ఉదయం, కొండ చరియ జారి రోడ్డు మీద మట్టి పడింది. జేసీబీ వచ్చి దారి చేసింది గానీ నూట యాభై గజాలు జారుడు బురద. నా బండిలో ముగ్గురు పిల్లలు, పరీక్ష పది గంటలకి. నేను బండి ఆపి, గమ్‌బూట్లు వేసుకుని ఆ మేరా నడిచాను. నడిచేటప్పుడే నా కాలు లోయ వైపు రెండుసార్లు జారింది. మీటా, బొత్తాలూ అన్నీ ఉన్నాయి. కానీ అవి ఉన్న పట్టుని వాడుకోగలవు, లేని పట్టుని పుట్టించలేవు. వెనక్కి వచ్చి, బండి రోడ్డు పక్కన పెట్టి, పిల్లల చేతులు పట్టుకుని కొండ వైపు నుంచి నడిపించాను. అవతల ఆగి ఉన్న ఒక సుమో డ్రైవరు కాళ్లకి బురదైనా పరవాలేదని ఎక్కించుకున్నాడు. పరీక్ష గదికి పావుగంట ఆలస్యంగా చేరాం. పరీక్షకుడు మా బట్టలు చూసి ఏమీ అడగలేదు.

ఇప్పుడున్న ఊళ్లో అంతా తారూ సిమెంటే. అయినా చాలాకాలం వాడకపోతే ముందు ఇరుసు గేర్లకి నూనె అందదని, నెలకోసారైనా ఫోర్‌హెచ్‌లో కొంత దూరం నడపమని బండి పుస్తకంలో రాసి ఉంది. పొడి రోడ్డు మీద కూడదు కదా. అందుకని ఊరి బయట ఇటుక బట్టీల పక్కన మట్టి దారి ఒకటి వెతికి పెట్టుకున్నాను. నెలలో మొదటి ఆదివారం పొద్దున అక్కడే ఉంటాను. ఆ ఏడో తరగతి పిల్లవాడు వాళ్ల నాన్నగారిని అడిగి వస్తానన్నాడు. మీట తనే తిప్పుతాడట. బండి మాత్రం నేనే నడుపుతానని ముందే చెప్పాను.