అవ్వ చేతుల్లో పెరిగే బిడ్డలు



పిల్లల ఓపీ జరిగే రోజు బెంచీల మీద ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడండి. బిడ్డను ఎత్తుకొని వచ్చేది చాలాసార్లు అమ్మ కాదు, అవ్వ. కొన్ని ఇళ్ళలో జేజి అంటారు. చీటి రాసే అమ్మాయి "బిడ్డ తల్లి రాలేదా?" అని అడిగితే, "బెంగుళూరులో ఉండాదమ్మా, ఇప్పటికి వీడికి అమ్మను నేనే" అని జవాబు వస్తుంది. అందుకే ఈసారి పిల్లల పెంపకం గురించి రాయమన్నప్పుడు, తల్లులకు కాకుండా అవ్వలకే రాద్దామనుకున్నాను. చదవడం రాని అవ్వలకు ఇంట్లో చదువుకున్న పిల్లలు చదివి వినిపించండి.

మన నేల తీరు మీకు తెలిసిందే. ఈ ప్రాంతంలో ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. అదీ విత్తే నాటికి రాదు, కాయ ఊరే నాటికి రాదు. 2022 ఏప్రిల్‌లో బత్తలపల్లె మండలం అనంతపురం నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మారింది గాని మబ్బు మనసు మారలేదు. శెనక్కాయ పంట చేతికి రాని ఏడు, వయసులో ఉన్నవాళ్ళు బెంగుళూరుకు కట్టడాల పనికి బస్సెక్కుతారు. అక్కడ రేకుల షెడ్డులో, ఇటుకల మధ్య, ఇసుక కుప్పల మధ్య పసిబిడ్డను ఎవరు చూస్తారు? అందుకని అవ్వ దగ్గర వదిలి పోతారు. దీన్ని తప్పు పట్టేవాళ్ళు ఒకసారి ఆ షెడ్డులో ఒక రాత్రి ఉండి రావాలి.

బైబిల్లో రూతు గ్రంథం మొదలయ్యేది కరువుతోనే. బేత్లెహేములో కరువు వచ్చి నయోమి కుటుంబం మోయాబు దేశానికి వలస పోయింది. అన్నీ పోగొట్టుకొని తిరిగి వచ్చిన ఆ ముసలి తల్లి, చివరికి రూతు కన్న బిడ్డను తన ఒడిలోకి తీసుకొని దాదిగా సాకింది. మూడు దశాబ్దాలు ఈ తెల్ల చీర కట్టిన నాకు ఆ మాట చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. దాది అంటే మన భాషలో నర్సే కదా. కరువు, వలస, చివర ఒక ముసలమ్మ ఒడిలో పసిబిడ్డ. మన బత్తలపల్లె కథే అనిపిస్తుంది.

మాకు బాగా తెలిసిన ఒక అవ్వ ఉంది. పేరు రాయను, ఆమెకు ఇష్టముండదు. అరవై రెండేళ్ళు. కూతురు, అల్లుడు బెంగుళూరులో ఉంటారు. ఆరేళ్ళ మనవరాలు, ఏడాదిన్నర మనవడు ఈమె దగ్గర. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడుస్తుంది, రెండు మేకలకు మేత వేస్తుంది, నీళ్ళు పట్టుకొస్తుంది. పిల్ల లేచేలోగా రాగి జావ కాచి పక్కన పెడుతుంది. పిల్లకు జడ వేసేటప్పుడు ఇద్దరికీ రోజూ పోట్లాటే. పిల్లకు రెండు జడలు కావాలి, అవ్వకు ఒక్క జడ వేసే ఓపికే ఉంటుంది. రోజూ పిల్లే గెలుస్తుంది. పిల్ల బడికి పోయాక పిల్లోణ్ణి చంకనేసుకొని అంగన్‌వాడీకి. సాయంత్రం వాడికి సంగటి మెత్తగా పిసికి, పప్పుకట్టు పోసి, చందమామను చూపిస్తూ తినిపిస్తుంది. చందమామ రాని రోజుల్లో కరెంటు స్తంభం మీది బల్బే చందమామ.

రాత్రి ఎనిమిదికి కూతురు ఫోను చేస్తుంది. తెర మీద అమ్మ ముఖం కనబడగానే పిల్లోడు ఫోనుకు ముద్దు పెట్టి తెరంతా చొల్లు చేస్తాడు. తర్వాత బయట మంచం వేసి, ప్రార్థన చేసుకొని, కథ చెప్పుకుంటూ పడుకుంటారు. మనవరాలికి దావీదు గొల్యాతును కొట్టిన కథ ఎన్నిసార్లు చెప్పినా చాలదట. రాయి తగిలే చోటు రాగానే తమ్ముడి నుదుటి మీద వేలితో టక్కుమని కొడుతుందట.

ఇంత చాకిరీ విసుగు రాదా అని ఒకరోజు అడిగాను. ఆమె చెప్పిన మాట నాకు మరుపు రాదు. "నా బిడ్డలు ఎట్ల పెరిగినారో నాకే తెల్దు సిస్టరమ్మా. అప్పుడంతా కూలే. చేని గట్టున చెట్టుకు చీరె ఉయ్యాల కట్టి, అండ్ల యేసి కలుపుకు పోతాంటి. నా కూతురు మొదటి అడుగు వేసింది పక్కింటామె చూసి చెప్పింది. వీడు వేసింది మాత్రం నేను కండ్లారా చూసినా. నాలుగడుగులు వేసి నా మీదికే వచ్చి పడినాడు." కొంచెంసేపు ఊరుకొని మళ్ళీ అంది. "ఈసారి నా కూతురు చూడలేదు."

అసలు కంటే వడ్డీ ముద్దు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కాని ఆ వడ్డీ వెనుక అసలు ఎక్కడుందో అవ్వలకు గుర్తుంటుంది. తల్లి రావలసిన చోట తాను ఉన్నానని తెలిసి, పిల్లల ముందు "మీ అమ్మ మీ కోసమే పోయింది" అని రోజూ చెప్పే అవ్వలను నేను చాలామందిని చూశాను. పిల్లలు తల్లి ఫోటో చూసి మొహం తిప్పుకోకుండా ఉండేది ఇలాంటి మాటల వల్లనే.

ఇక మన ఊళ్ళలో ప్రతి ఇంటికీ సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. విత్తనం కాయలు ఒలిచే కాలం వస్తే ఇంటినిండా శెనక్కాయలే. అవ్వ ఒలుస్తుంటే పిల్లలు చుట్టూ కూర్చొని ఆడతారు. ఈ అవ్వ ఇంట్లో కూడా అట్లే పిల్లోడు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది, ముఖం ఎర్రబడింది, కళ్ళ నీళ్ళు కారాయి. కాసేపటికి దగ్గు ఆగింది, వాడు మళ్ళీ ఆడుకున్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ దగ్గు, పిల్లికూతల్లాంటి చప్పుడు, ఒళ్ళు వెచ్చన. జలుబు చేసిందని ఎవరో సిరప్పు రాసిచ్చారు. తగ్గలేదు. మన దగ్గరికి తెచ్చింది.

డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి వింటే కుడివైపు ఊపిరితిత్తిలోకి గాలి సరిగా పోవడం లేదు. "ఏమైనా తింటూ పొరబోయిందా?" అని అడిగారు. ఇలాంటప్పుడు చాలామంది, ఎవరు తిడతారో అన్న భయంతో, ఏమీ లేదంటారు. ఆమె మాత్రం రోజు, వేళ, చేతిలో ఉన్నదేమిటో అన్నీ చెప్పింది. శెనగ్గింజ మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు. దాని నూనె ఊపిరి గొట్టాన్ని వాపుతో నింపుతుంది, అది చూడటానికి నిమ్ములాగే ఉంటుంది. ఆమె చెప్పిన మాట లేకుంటే వారాల తరబడి నిమ్ముకే మందులు వాడుతూ ఉండేవాళ్ళం. వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపాము. అక్కడ మత్తు ఇచ్చి, బ్రాంకోస్కోపు గొట్టం వేసి సగం గింజను బయటకు తీశారు.

ఆ రాత్రి బస్సుకే కూతురు వచ్చింది. వచ్చీ రాగానే తల్లిని పట్టుకొని, "నీ దగ్గర విడిస్తే ఇంతేనా?" అంది. తల్లి నోరు తెరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకొని నిలబడింది. తోడుగా వెళ్ళిన మా నర్సు ఆ కూతురిని పక్కకు పిలిచి, జబ్బేమిటో త్వరగా తేలింది మీ అమ్మ నిజం చెప్పడం వల్లనేనని చెప్పింది. తర్వాత ఆ అమ్మాయి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. పొద్దున ఇద్దరూ ఒకే గ్లాసులో కాఫీ పంచుకుంటుంటే నర్సు చూసిందట.

కాబట్టి నాలుగైదేళ్ళు నిండని బిడ్డకు శెనక్కాయలు, పుట్నాలు, బఠాణీలు గింజలుగా ఇవ్వవద్దు. ఏడాది లోపు పిల్లలకే కాదు, పళ్ళు వచ్చిన పిల్లలకు కూడా. నమిలే దవడ పళ్ళు పూర్తిగా వచ్చి, తినేటప్పుడు కుదురుగా కూర్చునే వయసు రావాలి. శెనక్కాయ మంచి బలమే, వద్దనడం లేదు. మెత్తగా దంచి, పొడి చేసి సంగటిలోనో జావలోనో కలిపి పెట్టండి. పెద్దపిల్లకు కూడా చెప్పండి, తమ్ముడి నోట్లో ముద్దుకైనా గింజ పెట్టవద్దని.

పొరబోయినప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నోట్లో వేలు పెట్టి వెతకవద్దు, గింజ ఇంకా లోపలికి పోతుంది. మింగుడు పడుతుందని అన్నం ముద్ద, అరటిపండు పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. దగ్గలేక, ఏడవలేక, పెదవులు నీలం రంగుకు తిరిగితే మాత్రం క్షణం ఆగవద్దు. ఏడాది లోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కండి. అదే వరసలో మళ్ళీ మళ్ళీ చేయండి. ఏడాది దాటిన బిడ్డనైతే ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెనుక నుండి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఇంకొకరిని 108కి ఫోను చేయమనండి. వార్డులో మా పిల్లలు బొమ్మ మీద చేసి చూపిస్తారు. అడగడానికి మొహమాటం వద్దు. దగ్గు ఆగినా సరే, ఒకసారి గట్టిగా పొరబోయిన బిడ్డను డాక్టరుకు చూపించాల్సిందే.

అవ్వల చేతి వైద్యంలో మంచిది చాలా ఉంది. ఒళ్ళంతా నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టి స్నానం చేయించే ఆ నేర్పు నర్సింగు పుస్తకాల్లో లేదు. కాని ముక్కులో నూనె చుక్కలు వేయడం మానుకోండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము తెస్తుంది. మాటలు త్వరగా రావాలని వస అరగదీసి నాకించడం, పుట్టగానే తేనె పెట్టడం కూడా వద్దు. ఏడాది నిండేదాకా తేనె ఇవ్వకూడదు. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లి పాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర లేదు, మన ఎండాకాలంలో కూడా. విరేచనాలైతే పొట్ట మాడ్చవద్దు. ఒక ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. జింకు మాత్రలు విరేచనాలు ఆగినా 14 రోజులు ఇవ్వాలి.

మాటలు రావాలంటే వస కాదు, అవ్వ మాటలే మందు. ఏడాది లోపు పిల్లలకు ఫోను తెర అసలు చూపించవద్దని, రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అమ్మతో మాట్లాడే ఫోను వేరు సంగతి, దాన్ని ఎవరూ కాదనరు. అన్నం తినడానికి బొమ్మల వీడియో పెట్టడమే వద్దంటున్నాం. కరెంటు స్తంభం చందమామ దానికన్నా నయం.

ఇప్పుడు అవ్వ సంగతి. పిల్లోడు వార్డులో ఉన్నప్పుడు మా నర్సు ఊరికే ఆమె చేయి పట్టుకొని బీపీ చూసింది. 180 మీద 104. "మాత్రలు వేసుకోవడం లేదా అమ్మా?" అంటే, "వేసుకుంటా, దినం ఇడిసి దినం" అంది. నెలకు సరిపడే మాత్రలు రెండు నెలలు వచ్చేట్టు సర్దుతోంది. 2024 జూలై నుండి ముసలివాళ్ళకు పింఛను నెలకు 4,000 రూపాయలు వస్తోంది కదా అని మీరనవచ్చు. ఆ పింఛనులో పాలు, పిల్ల నోటు పుస్తకాలు, మేకల మేత అన్నీ పోగా తన మాత్రలకు చివరి వంతు. తిండి కూడా అంతే, పిల్లలు తినగా మిగిలినది. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే సగం మేలు జరగదు, పక్షవాతం వచ్చే ముప్పు అట్లే ఉంటుంది. అవ్వ మంచం పడితే ఆ ఇద్దరు పిల్లల గతి ఏమిటి? పీహెచ్‌సీలో బీపీ, షుగరు మాత్రలు ఊరికే ఇస్తారు, సర్దుకోవలసిన పని లేదు. కంటిలో పొర వచ్చిందేమో కూడా చూపించుకోండి. కింద పడిన గింజ, గోడ మూల తేలు కనబడాలి కదా.

బెంగుళూరులో ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు ఒక మాట. రాత్రి ఫోనులో "పిల్లోడు తిన్నాడా?" అని అడుగుతారు, మంచిదే. దాని వెంటనే "అమ్మా, నువ్వు తిన్నావా? మాత్ర వేసుకున్నావా?" అని కూడా అడగండి. ఏడాదికి రెండుసార్లయినా పది రోజులు వచ్చి ఉండి, ఆ పది రోజులు అవ్వను పడుకోనివ్వండి.

పిల్లల ఓపీకి వచ్చేటప్పుడు బిడ్డ టీకాల కార్డు, బరువు రాసిన అంగన్‌వాడీ కార్డు, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకొని రండి. వాటితో పాటు అవ్వ మాత్రల అట్ట కూడా. బిడ్డ బరువు చూశాక అవ్వ బీపీ చూడమని మా వాళ్ళకు చెప్పాను. ఆ అవ్వ మొన్న వచ్చినప్పుడు 140 మీద 86 ఉంది. చేతికి పట్టీ కట్టి గాలి కొడుతుంటే, మనవడు ఆ రబ్బరు ఉండ తనకే కావాలని లాక్కొని, ఎంత బతిమాలినా ఇవ్వలేదు.