తొట్టి అడుగున కాపురము

మా పాఠశాల విజ్ఞానశాలలో కిటికీ ప్రక్కన ఒక గాజుతొట్టి ఉండేది. అందులో దక్షిణ అమెరికా మంచినీటి ఏళ్ళకు చెందిన కోరిడోరస్ చేపలు ఆరు, తమ చిన్న మీసాలతో ఇసుకను తడవుకొంటూ అడుగున తిరిగేవి. ఉప్పు చేపలకు ఔషధమని ఎవరో చెప్పగా నమ్మి, కొలత చూడక గుప్పెళ్ళతో వేసినాను. మూడవనాటికి నాలుగు చచ్చి తేలినవి. పిల్లలు నన్నొక మాటైనా అనలేదు. అదే ఎక్కువ బాధించినది.

మంచినీటి చేప నెత్తురులో ఉప్పు, చుట్టునున్న నీటిలోకంటె ఎక్కువ. అందుచేత ద్రవాభిసరణమువలన నీరు ఎల్లప్పుడు లోపలికి ఊరుచుండును. దానిని మూత్రముగా విడుచుచు, మొప్పలతో లవణములను పట్టి నిలుపుకొనుటే ఆ చేప బ్రతుకు. బయట ఉప్పు పెరిగినచో ఈ ఏర్పాటు తారుమారగును. కోరంగి మడఅడవుల కాలువలలో మసలే చేపల సంగతి వేరు. అక్కడ రోజుకు రెండుమార్లు పోటు వచ్చి నీటి రుచిని మార్చును. ఆ మార్పుకు తగినట్లు అవి తమ శరీరవ్యాపారమును సర్దుకొనగలవు.

కనుక కొద్దిపాటి ఉప్పునీటి తొట్టికి గోబీజాతి చేపలే తగినవి. వాని పొట్టక్రింది రెక్కలు కలిసి గిన్నెవలె ఏర్పడును. దానితో రాతిని పట్టుకొని కూర్చుండును. మన ఏళ్ళలోని ఇసుకదొందు ఈ కుటుంబములోనిదే గాని, అడుగుకు మించి పెరిగి, తోడి చేపలను మ్రింగును. వర్తకులు బంబుల్‌బీ గోబీ అని పిలిచే పసుపు నలుపు పట్టీల ఆగ్నేయాసియా చేప రెండంగుళములైనను మించదు. అయితే పొడిమేత ముట్టదు. బ్రతికిన చిన్నపురుగులు కావలెను. అడుగుచేప అనగానే మురికి ఊడ్చే చీపురనుకొనేవారు దీనిని కొనకుండుట మేలు.

సముద్రపునీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణముండును. ఈ తొట్టికి 5 గ్రాములు చాలును. వంటింటి ఉప్పు పనికిరాదు. సున్నము, మెగ్నీషియము గల సముద్రలవణమే వాడవలెను. నీరు ఆవిరైనను ఉప్పు మిగిలియే యుండును గాన, తగ్గినమేరకు మంచినీరే పోయవలెను.

ఇప్పుడా తొట్టిలో ఎనిమిది గోబీలున్నవి. ఏడు గుల్లలలో ఏడు కాపురము పెట్టి, ఇతరులను చేరనీయవు. ఎనిమిదవదానికి సోమవారము గుల్ల తెచ్చెదమని పిల్లలన్నారు.