స్కాట్లాండు కోటలో భారతీయ కండువా

జర్మనీ అనగానే ప్రభుత్వరంగ పరిశ్రమలలో పనిచేసే మనవంటి వారి మనసులో మొదట మెదిలేది యంత్రం. 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ రూర్కెలా ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినప్పుడు దాని వెనుక పశ్చిమ జర్మనీ సంస్థల సాంకేతిక సహకారం ఉన్నది. కొలతలో వెంట్రుకవాసి తేడాను సహించనివారు, నవ్వాలన్నా ముందుగా డ్రాయింగు గీసుకొనేవారు అని జర్మను ఇంజనీర్లను గురించి మనవాళ్ళు ఛలోక్తులు విసరుకోవడం పాత అలవాటు.

అదే 1959 సెప్టెంబరులో, అదే పశ్చిమ జర్మనీలో ఒక చలనచిత్రం విడుదలయింది. కప్ప ముసుగు ధరించిన నేరస్థుడొకడు తన ముఠాతో లండను నగరాన్ని గడగడలాడించడం అందులోని కథ. ప్రేక్షకులు విరగబడి చూశారు. ఆ విజయంతో 1972 వరకు అదే బాణీలో ముప్పైకి పైగా చిత్రాలు వెలువడినాయి. రియాల్టో ఫిల్మ్ సంస్థ నిర్మించిన ఈ చిత్రాలకు ఆంగ్ల రచయిత ఎడ్గర్ వాలెస్ రచనలు ఆధారం; చివరి చిత్రాలలో మాత్రం ఆ ఆధారం చాలావరకు పేరుకే మిగిలింది. ముసుగు మనుషులు, రహస్య ద్వారాలు, అర్ధరాత్రి ఆర్తనాదాలు, ఎక్కడ చూసినా పొగమంచు, వీటన్నిటి నడుమ ఒక హాస్యగాడు. అంతటి నిక్కచ్చి మనుషులకు ఇంతటి అల్లరి ఎందుకు నచ్చింది? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే.

ఉదాహరణకు ఈ వరుసలోని ఒక్క చిత్రాన్ని తీసుకొంటాను. 1963లో విడుదలైన ఆ నలుపు తెలుపుల చిత్రం పేరు ‘దస్ ఇండిషె టూఖ్’. తెలుగులో చెప్పాలంటే ‘భారతీయ కండువా’. పేరులో మన దేశం ఉన్నది కనుక మనకు ఆ మాత్రం హక్కు ఉంటుంది.

ఆరు రాత్రులు, ఒక వీలునామా

ఉత్తర స్కాట్లాండులో ఒక పాత కోట. ధనవంతుడైన లార్డ్ లెబనన్ హత్యకు గురవుతాడు. వారసులందరూ ఆస్తికోసం ఆశగా వచ్చి చేరుతారు. న్యాయవాది టానర్ వీలునామాలోని షరతు చదివి వినిపిస్తాడు. వారసులందరూ ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు ఆ కోటలో కలసి నివసించాలి. అటుపిమ్మటనే పంపకం. ఒకరి ముఖం ఒకరికి గిట్టని బంధువులు తప్పనిసరై ఒకే కప్పు క్రింద మకాం పెడతారు. ఇంతలో తుపాను వచ్చి కోటకు బయటి లోకంతో సంబంధం తెగిపోతుంది. అప్పటినుంచి వారసులు ఒక్కొక్కరే ప్రాణాలు కోల్పోతారు. ప్రతిసారీ ఆయుధం ఒక్కటే: మెడకు బిగిసిన భారతీయ కండువా.

హంతకుడెవరో నేను చెప్పను. అపరాధ పరిశోధన కథ చదివి, ఆఖరి పేజీ చించి స్నేహితుడికి ఇచ్చేవాడి పాపం నాకు వద్దు. అయితే ఎవరు ఎవరో చెప్పడంలో దోషం లేదు. న్యాయవాదిగా హైంజ్ డ్రాఖె, కోట యజమానురాలు లేడీ ఎమిలీగా రంగస్థలంపై పేరొందిన నటి ఎలిజాబెట్ ఫ్లికెన్‌షిల్ట్, మృతుని అక్రమ సంతానంగా క్లౌస్ కిన్‌స్కీ నటించారు. ఉబ్బిన కళ్ళతో, బిగబట్టిన మాటతో కిన్‌స్కీ తెరపైకి రాగానే ‘ఇతడే హంతకుడు’ అనిపిస్తుంది. అనేక చిత్రాలలో ఆయనకు అప్పగించిన పని అదే. ప్రేక్షకుని అనుమానాన్ని తన మీదకు లాగుకోవడం. ఈ వరుసలో తరచు స్కాట్లాండ్ యార్డు అధిపతి సర్ జాన్‌గా కనిపించే జీగ్‌ఫ్రీడ్ షూరెన్‌బెర్గ్ ఇక్కడ ఆస్తికి ఆశపడే వారసులలో ఒకడు. పోలీసు అధికారిగా అలవాటైన ముఖం దోషుల బోనులో కనిపించేసరికి, ఆ చిత్రాలు వరుసగా చూసినవారికి అదొక గిలిగింత.

బట్లర్ బాన్విట్ పాత్రలో హాస్యనటుడు ఎడ్డి ఆరెంట్ నటించాడు. అతిథులు ఒక్కొక్కరే తగ్గిపోతున్నా అతని మర్యాదలో లోపం రాదు. ముఖంలో రేఖ చెదరదు. 1965లో వచ్చిన హిందీ చిత్రం ‘గుమ్నామ్’ చూసినవారికి ఈ పాత్ర కొత్త కాదు. అందులోనూ ఏకాంతమైన భవనం, ఒకరి తరువాత ఒకరు మరణించే అతిథులు, వారి నడుమ మెహమూద్ ధరించిన బట్లర్ పాత్ర. హత్యల మధ్య నవ్వు పెట్టవచ్చునని బెర్లినులోనూ, బొంబాయిలోనూ ఇంచుమించు ఒకే కాలంలో కనిపెట్టినారు.

తీగలు కనిపించినా సరే

ఎడ్గర్ వాలెస్ 1875లో లండను గ్రీనిచ్‌లో జన్మించాడు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే చదువు మాని, వార్తాపత్రికలు అమ్మి, సైనికుడై, విలేకరియై, చివరకు నూటయాభైకి మించిన నవలలు రాశాడు. రాశాడనడం కంటే చెప్పి రాయించాడనడం సబబు. 1932లో హాలీవుడ్‌లో ‘కింగ్ కాంగ్’ చిత్ర రచనలో ఉండగా మరణించాడు. 1950వ దశాబ్దిలో గోల్డ్‌మన్ ప్రచురణ సంస్థ ఆయన నవలలను ఎర్ర అట్టల చవక పుస్తకాలుగా జర్మను పాఠకులకు అందించింది. అద్దె పుస్తకాల దుకాణంలో కొమ్మూరి సాంబశివరావుగారి నవల కోసం నిరీక్షించి, డిటెక్టివ్ యుగంధర్‌తోను, అతని అసిస్టెంటు రాజుతోను తెల్లవార్లూ జాగారం చేసిన మన తరానికి ఆ ఎర్ర అట్టల మహిమ వేరుగా వివరించనక్కరలేదు.

ఈ చిత్రాలలోని లండను చాలావరకు లండను కాదు. నిజమైన లండను వీధుల దృశ్యాలను అక్కడక్కడా అతికించి, మిగిలిన కథను హాంబర్గులోను, తరువాత పశ్చిమ బెర్లినులోను స్టూడియోలలో నడిపించారు. పొగమంచు కూడా పుట్టించినదే. ఇంగ్లీషు ప్రభువులందరూ స్వచ్ఛమైన జర్మను భాష మాట్లాడతారు. ‘భారతీయ కండువా’ దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ ఫోరర్ ఈ వరుసలో పద్నాలుగు చిత్రాలు తీశాడు. 1961 నాటి ‘లండనులో మృతనేత్రాలు’ అనే ఆయన చిత్రంలో ఒక వృద్ధుడు నోరు శుభ్రం చేసుకొంటూ ఉండగా కెమెరా ఆ దృశ్యాన్ని అతని నోటి లోపలినుంచి చూపుతుంది. కథకు ఆ షాటు అవసరం ఏమాత్రమూ లేదు. చూపవచ్చును గనుక చూపాడు.

దీనిని ‘అతి’ అని కొట్టివేయవచ్చు. అయితే అతిలో రెండు రకాలున్నాయి. తెలియక చేసే అతి చూసేవారికి విసుగు. తెలిసి, ప్రేక్షకునికి కన్నుగీటి చేసే అతి ఒక ఒప్పందం. సురభి వారి ‘మాయాబజార్’ నాటకంలో పాత్రలు గాలిలో తేలిరావడం చూసి చప్పట్లు కొట్టిన మన పెద్దలకు తీగలు ఉన్నాయని తెలియక కాదు. తీగలు తెలిసీ, వాటిని లాగే నేర్పుకు మురిసిపోయారు. జర్మను ప్రేక్షకులది కూడా అదే ఆనందం. ‘భారతీయ కండువా’ చివర ఈ కన్నుగీటు బాహాటమవుతుంది. ఇన్ని ప్రాణాలు పోయిన తరువాత అసలు వీలునామా తెరిచి చూస్తే, లార్డుగారు తన ఆస్తినంతా ఈ శతాబ్దపు మహామేధావికి వ్రాశారని తేలుతుంది. ఎవరా మేధావి? ఎడ్గర్ వాలెస్!

కండువా చేసిన ప్రయాణం

ఇక పేరులోని భారతదేశం సంగతి. ఆ చిత్రంలో మన దేశం ఒక గుడ్డముక్కగా తప్ప ఎక్కడా కనిపించదు. మొదటిసారి చూసినప్పుడు నాకు కొంత చిరాకు కలిగిన మాట నిజం. ప్రపంచానికి మస్లిను, కలంకారీ ఇచ్చిన దేశపు వస్త్రం ఉరితాడుగా మాత్రమే ఎందుకు గుర్తుండవలె?

దీనికి మూలం మన ప్రాంతానికి దూరమైనది కాదు. 1830వ దశాబ్దిలో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం థగ్గుల అణచివేతకు పూనుకొన్నది. 1835లో విలియం స్లీమన్ నాయకత్వాన ప్రత్యేక విభాగం ఏర్పడింది. బాటసారులతో స్నేహం నటించి, రుమాలుతో గొంతు బిగించి చంపే ముఠాల వృత్తాంతాలు ఆ కాలపు వాంగ్మూలాలనిండా ఉన్నాయి. హైదరాబాదు నిజాము కొలువులో పనిచేసిన ఆంగ్లేయ అధికారి ఫిలిప్ మెడోస్ టేలర్ 1839లో ఒక థగ్గు తన నేరాలను తానే చెప్పుకొంటున్నట్లుగా నవల రాశాడు. అది ఇంగ్లండులో విశేషాదరణ పొందింది. థగ్గులలో వాస్తవమెంత, పాలకుల ఊహ ఎంత అని చరిత్రకారులు తరువాతి కాలంలో వాదించుకొన్నారు; ఆ వాదం తెగలేదు. కాని ఇంగ్లీషు పాఠకుని మనసులో మాత్రం ‘భారతదేశం, రుమాలు, గొంతు’ అనే మూడు మాటలు ముడిపడిపోయాయి. దాదాపు శతాబ్దం తరువాత, 1931లో, వాలెస్ తన నాటకంలో భారతీయ కండువాను హత్యాయుధంగా చేసినప్పుడు ప్రేక్షకులకు ఆయన ప్రత్యేకించి వివరించవలసిన పని ఉండి ఉండదు. మరో ముప్పైరెండేళ్ళకు ఆ కండువా జర్మను తెరకెక్కింది.

రెండవసారి చూసినప్పుడు మాత్రం నా చిరాకు తగ్గింది. కారణం చిత్రంలోనే ఉన్నది. కండువా ఎక్కడినుంచి వచ్చినా, దానిని బిగించిన చేయి ఆ కోటలోనిదే. తుపానులో బయటివారెవరూ లోపలికి రాలేరు. ఆస్తికోసం చేరినవారిలో, ఆ ఇంటి ఉప్పు తినేవారిలో ఒకరు ఆ పని చేస్తున్నారు. దూరదేశపు భయం పేరు పెట్టుకొని మొదలైన కథ ఇంటివారి మధ్యనే ముగుస్తుంది.

ఎవరి ఇంటి హత్య?

ఇప్పుడు ఆ చిత్రాన్ని చూసిన ప్రేక్షకులను తలచుకొందాం. యుద్ధం ముగిసి పద్దెనిమిదేళ్ళు. దర్శకుడు ఫోరర్ ఆ యుద్ధంలోనే ఒక చేతిని పోగొట్టుకొన్నాడు. బెర్లిను నగరాన్ని 1961 ఆగస్టులో లేచిన గోడ రెండుగా చీల్చింది. ‘భారతీయ కండువా’ 1963 సెప్టెంబరులో విడుదలయింది. అదే సంవత్సరం డిసెంబరు 20న ఫ్రాంక్‌ఫర్టులో ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరానికి చెందిన ఇరవై మందికి పైగా ఉద్యోగులపై విచారణ ప్రారంభమయింది. బోనులో నిలిచినవారెవరు? యుద్ధానంతరం ఒకరు మందుల దుకాణం నడుపుకొన్నారు, మరొకరు ఆసుపత్రిలో రోగులకు సేవ చేశారు, ఇంకొకరు గుమాస్తాగిరీ చేసుకొన్నారు. ఇరుగుపొరుగువారికి నమస్కారం పెట్టి బ్రతికినవారు.

తమ ఇళ్ళలోని హత్యలను గురించి నోరు విప్పడానికి ఇంకా వెనుకాడుతున్న సమాజం, ఇంగ్లీషువాడి కోటలో, భారతీయుడి గుడ్డతో జరిగే హత్యలను టికెట్టు కొని చూసింది. కన్నుగీటి నవ్వింది. దీనిని పలాయనమని నిందించేవారున్నారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ చిత్రాలలో తరచుగా దోషిగా తేలేది పరాయివాడు కాదు. మంచి బట్టలు కట్టి, మర్యాదగా మాట్లాడే పెద్దమనిషి. నేరుగా వినలేని మాటను జనం ముసుగులో విన్నారేమో. ఇది నా ఊహ మాత్రమే. అయినా అంత పొగమంచు కేవలం లండను కోసమే పుట్టించారని నేను నమ్మలేకున్నాను.

యంత్రం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు మన మొదటి అనుమానం బయటినుంచి వచ్చిన విడిభాగం మీదకు పోతుంది. దాని మీద ఎక్కడో దూరపు ఊరి పేరు ఉంటుంది గనుక నింద మోపడం సుళువు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నోసార్లు లాగ్‌బుక్కు తిరగవేస్తే, కారణం మన షిఫ్టులోనే, ఒక్కొక్కసారి నా సంతకం క్రిందనే కనిపించింది. లార్డ్ లెబనన్ కోటలో ఆ న్యాయవాది పడిన అవస్థ నాకు కొత్తగా తోచకపోవడానికి అదే కారణం కావచ్చు.

ఈ చిత్రాల మీద మమకారం జర్మనీలో తరువాతి తరాలకూ అందింది. 2004లో వీటిని ఆటపట్టిస్తూ ‘డెర్ విక్సర్’ అనే హాస్యచిత్రం వచ్చింది. 2007లో వచ్చిన దాని రెండవ భాగంలో, 1959 నాటి మొదటి చిత్ర కథానాయకుడు యోఆఖిమ్ ఫుక్స్‌బెర్గర్ వృద్ధుడై కనిపించాడు. తన చిత్రాలను తానే ఎగతాళి చేయడానికి ఒప్పుకోవడం పెద్ద మనసున్నవారికే చెల్లుతుంది.

వీలు చిక్కినప్పుడు ‘భారతీయ కండువా’ను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. భాష తెలియకున్నా ఇబ్బంది లేదు. ముఖాలే సగం కథ చెబుతాయి. పిల్లలు బట్లరును చూసి నవ్వుతారు. పెద్దలు కిన్‌స్కీని అనుమానిస్తారు. ఎవరి ఊహ నిజమయిందో మాత్రం మీ ఇంట్లోనే తేల్చుకోండి, కోటలో వలె గొడవ పడకుండా.