ఇంతమంది సుబ్బారావులు.. మరి మీరెవరు?

ఎల్బీనగర్ దాటి నాదర్‌గుల్ వైపు వెళ్లేవాళ్లకు ఎంవీఎస్‌ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ బోర్డు బాగా తెలుసు. అందులో ‘వీఎస్‌ఆర్’ అంటే వెంకట సుబ్బారావు. ఒక్కసారి ‘సుబ్బారావు’ అని గూగుల్‌లో కొట్టి చూడండి. కవి, సైంటిస్టు, రిజర్వు బ్యాంకు గవర్నర్.. అందరూ వరుసకడతారు. అయినా వీళ్లలో ఒకరిని చూసి ఇంకొకరని మనం పొరబడం. ఎందుకని? ఉద్యోగం వెతుక్కునే మీకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది.

ఒకే ఏడాది ఇద్దరు

నండూరి సుబ్బారావు, యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరూ 1895లోనే పుట్టారు. మొదటాయన వకీలు. కానీ ‘ఎంకి పాటలు’ అనగానే గుర్తొచ్చేది ఆయనే. రెండో ఆయన మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో చదువుకుంటూనే ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటిస్తే, దానికి ‘ఫిస్కే-సుబ్బారావు’ అని తన పేరే వచ్చింది. ఇంకో సంగతి.. ఇంగ్లిష్‌లో ఆయన తన పేరు చివర ‘ఆర్ఏఓ’ అని కాకుండా ‘ఆర్ఓడబ్ల్యూ’ అని రాసేవారు. ఈరోజుకీ ఆ స్పెల్లింగ్‌తో వెతికితే నేరుగా ఆయనే దొరుకుతారు.

తర్వాతి తరంలో దువ్వూరి సుబ్బారావు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఫిజిక్స్ చదివి, 1972లో సివిల్స్ టాపర్ అయ్యారు. 2008 సెప్టెంబర్ 5న రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా చేరారు. పది రోజులకే లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది.

ముగ్గురినీ విడదీసింది రెండే: ఇంటిపేరు, చేసిన పని.

నాకు తగిలిన దెబ్బ

నాదీ ఊరికి పది మందికి ఉండే పేరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంది, పాన్ కార్డులో చివరికి వెళ్లింది, రెజ్యూమెలో నేను ఉత్త ఇనీషియల్ పెట్టాను. మొదటి ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో ‘ఇవి ఒకే మనిషివేనా?’ అని ఆపేశారు. అఫిడవిట్ కోసం తిరుగుతుండగానే జాయినింగ్ డేట్ దాటిపోయింది. నాతోపాటు సెలెక్టయిన వాళ్లు ఆ బ్యాచ్‌లో చేరిపోయారు. నేను ఇంకో మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాను. తప్పు ఎవరిదో కాదు, నాదే.

మీరిలా చేయండి

* టెన్త్ మెమోలో ఉన్న పేరునే ఆధారంగా తీసుకోండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, రెజ్యూమె అన్నింట్లోనూ అదే స్పెల్లింగ్, అదే వరుస ఉండాలి.
* మెయిల్ ఐడీ, లింక్డ్‌ఇన్ లింకులో ఇంటిపేరు కూడా చేర్చండి. పేరు పక్కన 007లు, ‘కూల్’లు వద్దు.
* గిట్‌హబ్‌లో నమోదు చేసిన మెయిల్‌నే మీ ల్యాప్‌టాప్‌లోని గిట్ సెట్టింగ్స్‌లోనూ పెట్టండి. లేదంటే మీరు రాసిన కోడ్ మీ ప్రొఫైల్‌లో కనిపించదు.
* రీసెర్చ్ పేపర్ రాస్తుంటే ‘ఆర్కిడ్’ ఐడీ తీసుకోండి. ఉచితం. 16 అంకెల ఆ నంబరు ఉంటే, అదే పేరున్న వేరేవాళ్ల పేపర్లు మీ ఖాతాలో కలవవు.
* రెజ్యూమెలో పేరు కిందే మీరు చేసిన ఒక్క ప్రాజెక్టును ఒక్క వాక్యంలో చెప్పండి. అదే పేరున్న పది మందిలో మిమ్మల్ని గుర్తుపెట్టేది అదే.

ఈ రాత్రికి టెన్త్ మెమో, ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే రేపే సవరణకు పెట్టేయండి. ఆఫర్ లెటర్ వచ్చాక పరిగెత్తితే నాలాగే అవుతుంది.