నడుము నొప్పి తగ్గింది సరే, మళ్లీ రాకుండా ఏం చేస్తున్నారు?

మన ఆసుపత్రిలో ఉదయం ఓ.పి. చీటీ రాయించుకునేవారిలో నడుము నొప్పి అని చెప్పేవారు లేని రోజంటూ ఉండదు. వరినాట్లప్పుడు, మిరపకోతలప్పుడు ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. పొలం పనివారే కాదు, ఆటో నడిపే సోదరులు, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే అక్కచెల్లెళ్లు, కంప్యూటరు ముందు పనిచేసే యువకులు, బరువైన రోగులను మంచంపై తిప్పే మా నర్సులు కూడా ఇందులో ఉన్నారు. "కలుక్కుమంది సిస్టరమ్మా, వంగితే లేవలేను, లేస్తే వంగలేను" అంటూ వస్తారు. మందులు వాడతారు, వ్యాయామాలు నేర్చుకుంటారు, తగ్గిందని సంతోషంగా వెళతారు. నాలుగైదు నెలలకు మళ్లీ అదే మాటతో వస్తారు.

"పోయినసారి నేర్పిన వ్యాయామాలు చేస్తున్నారా?" అని మేము అడుగుతాం. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "నొప్పి తగ్గిపోయిందిగా సిస్టర్, అందుకే మానేశాను." ఈ వ్యాసం ఆ జవాబు గురించే.

నొప్పి ఎందుకు తిరిగి వస్తుంది?

మన నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉన్నాయి. వాటి మధ్య మెత్తని దిండ్లవంటి డిస్కులు, చుట్టూ కండరాలు, వాటిని పట్టి ఉంచే బంధనాలు ఉంటాయి. నడుము నొప్పి అంటే ఎముక అరిగిందనో, డిస్కు జారిందనో చాలామంది భయపడతారు. కానీ నొప్పితో వచ్చేవారిలో అత్యధికులకు ఇదీ కారణమని వేలుపెట్టి చూపగల ప్రమాదకరమైన జబ్బేదీ ఉండదు.

నొప్పి రాగానే మనం కదలడానికి భయపడతాం. కదలకపోతే కండరాలు బిగుసుకుంటాయి, బలహీనపడతాయి. బిగుసుకున్న నడుముతో మళ్లీ పనిలోకి దిగి ఓ బిందె ఎత్తగానే నొప్పి తిరగబెడుతుంది. ఇదంతా ఒక చక్రంలా తిరుగుతూ ఉంటుంది.

నడుము ఒక్కటే చూస్తే సరిపోదు. తొడ వెనుక కండరాలు తుంటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. అవి బిగుసుకుపోతే వంగినప్పుడు తుంటి దగ్గర వంగవలసినంత వంగం, ఆ వంపంతా నడుము మీద పడుతుంది. అందుకే మా ఫిజియోథెరపీ విభాగంలో నడుము నొప్పి అని వెళ్లినవారికి కాళ్లు కూడా సాగదీయిస్తారు. "నొప్పి ఒకచోట, వైద్యం ఇంకొకచోటా?" అని ఆశ్చర్యపోకండి.

మంచం, బెల్టు, సూదిమందు

నొప్పి వస్తే వారం రోజులు మంచం దిగకూడదని పెద్దలు చెబుతుంటారు. అమెరికాలో 200 మందికి పైగా రోగులపై జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 1986లో వెలువడ్డాయి. 7 రోజులు మంచంపై ఉండమన్నవారికంటే 2 రోజులు మాత్రమే ఉండమన్నవారు పనికి మానేసిన రోజులు 45 శాతం తక్కువ. కోలుకోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. నొప్పి మరీ తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు పని తగ్గించండి. ఆ తరువాత ఇంట్లో అయినా మెల్లగా తిరగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఏ చికిత్స చేయాలో ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించిన అవగాహన, వ్యాయామం మేలు చేస్తాయని, నడుము బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ అలవాటుగా వాడవద్దని అందులో ఉంది. బెల్టు ఏళ్ల తరబడి కట్టుకుని తిరిగేవారు దీనిని గమనించగలరు. డాక్టరు గారు ప్రత్యేక కారణంతో రాసిన బెల్టు సంగతి వేరు. దానిని మీ అంతట మీరు తీసివేయవద్దు.

ఇక సూదిమందు. నొప్పి వచ్చిన ప్రతిసారీ దగ్గరలో ఉన్నవారితో ఒక ఇంజెక్షను వేయించుకోవడం, మందుల షాపులో అడిగి బిళ్లలు కొనుక్కోవడం మన ప్రాంతంలో బాగా అలవాటు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే ఉపయోగమే. సొంతంగా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. షుగరు, బి.పి. ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నడుము నొప్పి మందులతో మొదలైనది మూత్రపిండాల జబ్బుగా ముదిరితే ఆ కుటుంబం పడే బాధ, అయ్యే ఖర్చు మేము వార్డుల్లో చూస్తున్నాం.

సాగదీయడం వల్ల లాభమెంత?

అమెరికాలో 228 మంది పెద్దలపై జరిగిన ఒక పరిశోధన 2011లో ప్రచురితమైంది. కొందరికి వారం వారం యోగా తరగతులు, కొందరికి ఒళ్లు సాగదీసే వ్యాయామ తరగతులు 12 వారాలు నడిపారు. మిగిలినవారికి నడుము సంరక్షణ గురించి ఒక పుస్తకం ఇచ్చారు. పుస్తకం అందుకున్నవారికంటే తరగతులకు వెళ్లినవారి నడుము బాగా మెరుగుపడింది. యోగాకూ సాగదీత వ్యాయామాలకూ మధ్య పెద్ద తేడా కనిపించలేదు. అంటే ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు, ఒక చాప, పది నిమిషాల సమయం చాలు.

అయితే ఇది మంత్రం కాదు. సాగదీయడం వల్ల బిగువు తగ్గుతుంది, కదలడానికి ధైర్యం వస్తుంది. నొప్పి తిరిగి రాకుండా ఉండాలంటే దానికి నడక కూడా తోడు కావాలి. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి అప్పుడే తగ్గిన 701 మందిని రెండు భాగాలు చేసి చూసిన పరిశోధన 2024లో వెలువడింది. సలహాలతో పాటు క్రమంగా నడక పెంచుకున్నవారికి నొప్పి తిరిగి రావడానికి సగటున 208 రోజులు పట్టింది. అలా చేయనివారికి 112 రోజులకే తిరిగి వచ్చింది. వారంతా నొప్పి లేని రోజుల్లో మొదలుపెట్టినవారే అన్నది గుర్తుంచుకోండి.

మొదలుపెట్టే ముందు

* నేలపై చాప లేక దుప్పటి పరుచుకోండి. నవారు మంచం, నులక మంచం కుంగుతాయి కనుక పనికిరావు. కింద కూర్చోలేని పెద్దవారు గట్టి చెక్క మంచం వాడవచ్చు.
* నిద్ర లేవగానే చేయవద్దు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందువల్ల లేచిన మొదటి గంటలో ముందుకు బాగా వంగడం మంచిది కాదు. కొంతసేపు ఇంట్లో తిరిగాక చేయండి. వేడినీటి స్నానం తరువాత ఒళ్లు ఇంకా తేలికగా సాగుతుంది.
* మెల్లగా సాగదీసి, అలాగే 20 నుండి 30 సెకన్లు ఉంచండి. కుదుపులు వద్దు. ఊపిరి బిగపట్టవద్దు.
* కండరం లాగుతున్నట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. నొప్పి కాలిలోకి దిగుతుంటే వెంటనే ఆపండి. కాలిలో ఉన్న నొప్పి పైకి, నడుము దగ్గరికి వస్తుంటే అది మంచి గుర్తు.

ఆరు వ్యాయామాలు

1. మోకాలు రొమ్ము వైపు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు రెండూ మడవండి. ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా రొమ్ము వైపు తెచ్చుకోండి. తరువాత రెండో కాలు. ఒక్కొక్క దానికి మూడు సార్లు.

2. మోకాళ్లు పక్కకు: అలాగే పడుకుని చేతులు రెండు వైపులా చాపండి. మోకాళ్లు రెండూ కలిపి ఒక పక్కకు వాల్చండి. భుజాలు నేలను వదలకూడదు. తరువాత ఇంకో పక్కకు. ఐదేసి సార్లు.

3. తువ్వాలుతో కాలు: వెల్లకిలా పడుకుని ఒక పాదానికి తువ్వాలు గాని పాత చీర గాని వేసి, రెండు కొసలు చేతులతో పట్టుకోండి. మోకాలు వీలైనంత చాపి కాలు పైకెత్తండి. తొడ వెనుక లాగుతుంది. అక్కడే ఆపండి, నిటారుగా రావాలని పట్టుబట్టకండి. కాలికి మూడు సార్లు.

4. కాలి మీద కాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, కుడి చీలమండను ఎడమ మోకాలి మీద పెట్టండి. ఎడమ తొడను పట్టుకుని దగ్గరకు లాగండి. కుడి పిరుదు దగ్గర లాగుతుంది. తరువాత కాళ్లు మార్చండి. ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవారికి ఇది చాలా మంచిది.

5. పిల్లి ఒళ్లు విరిచినట్టు: చేతులు, మోకాళ్లు నేలకు ఆన్చి నిలవండి. తల దించి వీపును పైకి గుండ్రంగా లేపండి. తరువాత తల కొద్దిగా ఎత్తి నడుమును కిందికి దించండి. మెల్లగా పది సార్లు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద మెత్తని గుడ్డ వేసుకోండి.

6. బోర్లా పడుకుని: బోర్లా పడుకుని, మోచేతులు భుజాల కింద ఆన్చి, రొమ్ము వరకు పైకి లేవండి. పొట్ట, తుంటి నేలకే ఉండాలి. అర నిమిషం ఉండి దిగండి. ఐదు సార్లు. వెనుకకు వంచే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారు న్యూజిలాండ్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ. కొద్ది దూరం నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే తగ్గే పెద్దవారు మాత్రం ఇది చేయవద్దు.

పని మధ్యలో

నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు గంటల తరబడి వంగే ఉంటాం. ఒక మునుము పూర్తయి గట్టు మీదకు రాగానే నిటారుగా నిలబడి, రెండు చేతులు నడుముకు ఆన్చి, ఐదు సార్లు మెల్లగా వెనుకకు వంగండి. కుట్టుపని చేసేవారు, డ్రైవర్లు, ఆఫీసులో కూర్చునేవారు అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి లేచి ఇదే చేయండి. బిందె, బియ్యం బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. పొద్దున మంచం దిగేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా పక్కకు తిరిగి, చేయి ఊతంతో లేవండి.

వ్యాయామం కాదు, వెంటనే డాక్టరు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో వ్యాయామాలతో కాలయాపన చేయకండి:

* మూత్రం బిగిసిపోవడం, తెలియకుండా మూత్రం గాని మలం గాని పోవడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి. ఇది అత్యవసరం, అదే రోజు రాత్రయినా రావాలి. ఆలస్యమైతే ఆ బలహీనత జీవితాంతం మిగిలిపోవచ్చు.
* కాలు పట్టు తప్పడం, చెప్పు తెలియకుండా జారిపోవడం.
* సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపోనివ్వని నొప్పి. వెన్నెముకకు కూడా క్షయ వస్తుంది. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.
* పడిపోయిన తరువాత వచ్చిన నొప్పి, ముఖ్యంగా పెద్ద వయసువారిలో. గతంలో క్యాన్సరు వచ్చినవారు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవారు.
* మూత్రంలో మంట, రక్తం, డొక్కలో మెలితిప్పే నొప్పి.
* యువతీయువకుల్లో ఉదయం అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తగ్గే నొప్పి మూడు నెలలకు మించి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు.

గర్భిణీ స్త్రీలు, నడుముకు ఆపరేషను అయినవారు, ఎముకలు గుల్లబారిన పెద్దవారు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

చివరిగా ఒక మాట

మానేయకుండా ఉండాలంటే రోజూ చేసే ఏదో ఒక పనికి దీనిని జత చేయండి. సాయంత్రం స్నానం కాగానే, లేదా పిల్లలు చదువుకునే వేళ చాప పరచండి. ఆరూ చేయలేని రోజున రెండయినా చేయండి. ఫిజియోథెరపీ విభాగానికి వచ్చేటప్పుడు ఇంట్లో మరొకరిని వెంట తీసుకురండి. మీరు మరచిపోతే వారు గుర్తుచేస్తారు, అదే ఇంట్లో నడుము నొప్పి ఉన్న రెండోవారు కూడా నేర్చుకుంటారు.

నొప్పి ఉన్న రోజున చెప్పకపోయినా మీరు చేస్తారు. మేము కోరేది నొప్పి లేని రోజున కూడా చేయమని. ఈసారి మేము అడిగినప్పుడు "తగ్గింది సిస్టర్, అయినా చేస్తూనే ఉన్నాను" అని మీరు చెబితే మాకు అంతకంటే సంతోషం లేదు.