చెప్పని ఓటు తెలియు విధము

శ్రీకాకుళం జిల్లాలోని హరిశ్చంద్రపురము 2004 ఎన్నికల వరకు ఒక శాసనసభ నియోజకవర్గము. పునర్విభజన మూలమున 2009 నుండి ఆ పేరుతో నియోజకవర్గము లేదు. హద్దులు మారినను ఒక నియమము మాత్రము మారలేదు. ఓటరు మాటున నిలిచి ఓటు వేయును. ఎవరికి వేసెనో ఇతరులకు తెలియరాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 128వ సెక్షను ఈ రహస్యమును కాపాడవలెనని ఎన్నికల సిబ్బందిని శాసించుచున్నది. అప్పిచ్చినవాడు గాని, పని యిచ్చినవాడు గాని ఓటరును నిలదీయకుండుటకే ఈ ఏర్పాటు.

అయితే మాటులోనికి తొంగిచూడకుండనే ఓటరు మనస్సును అంచనా కట్టవచ్చునా? పలాస జీడిపిక్కల బేరమును చూచినచో ఈ సంగతి బోధపడును. బస్తాలోని పిక్కల నన్నిటిని ఎవరును కోయరు. కొన్నిటిని కోసి, లోని పప్పును చూచి, తక్కినవాని నాణ్యమును అంచనా కట్టుదురు.

మనుష్యుల విషయములోను ఇట్లే జరుగును. కొందరు తమ అభిప్రాయములను స్వయముగా తెలుపుదురు. వారు ఫేసుబుక్కులో ఏయే విషయములకు 'లైకు' కొట్టిరో గణనయంత్రము సరిచూచి, ఒక్కొక్క లైకునకు ఒక్కొక్క విలువ కట్టును. పిమ్మట ఏమియు చెప్పనివారి లైకుల విలువలను కూడి, వారి మొగ్గును ఊహించును. ఒక్క లైకు తెలుపునది స్వల్పము. వంద కలిసినచో చాల తెలుపును. 58,000 మందికి పైగా స్వచ్ఛందముగా ఇచ్చిన వివరములతో జరిపి 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో, అమెరికాలోని రెండు ప్రధాన పార్టీల వారిని 85 శాతము సందర్భములలో సరిగా వేరుచేయగలిగిరి.

ఈ విద్య ఎన్నికల వ్యాపారమునకు ఎక్కినది. కేంబ్రిడ్జి అనలిటికా అను బ్రిటిషు సంస్థ ఒక ప్రశ్నావళి ఆప్ ద్వారా సేకరింపబడిన వివరములను పొందినట్లు 2018లో వెల్లడి అయినది. భారతదేశములో ఆ ఆప్‌ను పెట్టుకొన్నవారు 335 మంది మాత్రమే. కాని వారి స్నేహితులతో కలిపి 5,62,455 మంది వివరములు చేరి యుండవచ్చునని ఫేసుబుక్కు తెలిపినది. అనగా ఒక్కడు ఒప్పుకొన్నచో, అడుగకుండనే వందలమంది వివరములు పోయినవి. 2021లో సి.బి.ఐ. దీనిపై కేసు నమోదు చేసినది. ఇందువలన మన దేశములో ఏ ఎన్నిక ఫలితమైనను మారెనని మాత్రము రుజువు కాలేదు.

మరి దీనివలన కీడేమి? టెక్కలి బజారులో ఒకరు అబద్ధ మాడినచో పదిమంది విందురు. మరునాడు ప్రతిపక్షమువారు అదే చోట ఖండింతురు. పత్రిక పక్షపాతము చూపినను, మరియొక పత్రికతో పోల్చి చూడవచ్చును. కాని ఒక్కొక్కరి భయమును కనిపెట్టి, వారివారి ఫోనులకే పంపిన మాటను ఇరుగుపొరుగువారు చూడరు. కనబడని మాటకు జవాబు చెప్పువారు ఉండరు. దూరదేశమున కూర్చున్నవారికిని ఇది సాధ్యమే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత వివరముల రక్షణకు పార్లమెంటు చట్టము చేసినది. అయినను మొదటి కావలి మనిషి చేతిలోనే యున్నది. "మీ స్వభావ మెట్టిదో తెలిసికొనుడు" అని ఫోనులో ప్రశ్నావళి వచ్చినప్పుడు, అడుగుచున్న దెవరు, ఎందుకు, ఎవరెవరి వివరములు అని విద్యార్థి ముందుగా ప్రశ్నించుకొనవలెను. పెట్టెలోని ఓటును చట్టము కాపాడును. పెట్టె వరకు నడచు మనస్సును కాపాడుకొనవలసినది ఓటరే.